మౌనం అర్ధాంగీకారమా? – పెళ్ళిచూపుల హాస్యచిత్రాల్లో వధువు తిరస్కారం

వ్యాససంగ్రహం:
పెద్దలు కుదిర్చే పెళ్ళి, పొంతన కుదరని జంట కథావస్తువుగా వచ్చిన ప్రణయ హాస్యచిత్రాలను సాధారణంగా ‘ప్రేమపెళ్ళా, పెద్దల పెళ్ళా’ అన్న కోణంలో చర్చిస్తుంటాం. ఈ వ్యాసం ఆ ప్రశ్నను పక్కనపెట్టి మరొకటి అడుగుతుంది: ఈ కథల్లో ‘వద్దు’ అనే మాట ఎవరిది, దాన్ని ఎవరి నోట పలికిస్తారు, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు? హిందీ చిత్రం ‘తను వెడ్స్ మను’ (2011), తెలుగు చిత్రాలు ‘పెళ్ళిచూపులు’ (2016), ‘అశోకవనంలో అర్జున కళ్యాణం’ (2022) ఇక్కడ పరిశీలనాంశాలు. కథానాయకుడిది సూర్యాపేట కావడం వల్ల మూడవ చిత్రానికి ప్రాధాన్యం ఎక్కువ. తెలుగు నాటక, చలనచిత్ర సంప్రదాయంలో కన్య తిరస్కారం చాలాసార్లు ఆమెకు బదులుగా నిలిచిన మరొకరి ద్వారా వ్యక్తమవుతుందనీ, ఆ పద్ధతి నేటి చిత్రాల్లోనూ కొనసాగుతున్నదనీ ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పెళ్ళిచూపులు, సంబంధం, తిరస్కారం, ప్రత్యామ్నాయ వధువు, దక్షిణ తెలంగాణ, కులాంతర వివాహం, ప్రణయ హాస్యం.

1. ఉపోద్ఘాతం

‘మౌనం అర్ధాంగీకారం’ అన్న సామెతను మనం పెళ్ళి మాటల సందర్భంలో వాడినంతగా మరెక్కడా వాడం. పిల్ల తల వంచుకుంటే ఒప్పుకున్నట్టు, మాట్లాడకపోతే సిగ్గుపడినట్టు, ఏడిస్తే పుట్టింటి మీద మమకారం ఉన్నట్టు అర్థం చెప్పుకునే వ్యవహారం మనది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ‘వద్దు’ అనే అర్థం ఇవ్వదు. అంటే ఒప్పుకోలును తెలిపే సంకేతాలు మన దగ్గర అనేకం ఉన్నాయి. తిరస్కారాన్ని తెలిపే సంకేతం ఒక్కటీ సిద్ధంగా లేదు. నోరు తెరిచి చెప్పడం ఒక్కటే మార్గం. ఆ పని చేసిన పిల్లకు ‘గయ్యాళి’ అన్న పేరు సిద్ధంగా ఉంటుంది.

ప్రణయ హాస్యచిత్రం పుట్టేది ఈ ఇరుకులోనే. ఇద్దరికీ పొంతన లేదని ప్రేక్షకుడికి మొదటే తెలుస్తుంది. ఇంట్లోవారికి తెలియదు, లేదా తెలిసినా లెక్కలోకి రాదు. ఈ తెలియడానికీ తెలియకపోవడానికీ నడుమ ఉన్న దూరమే నవ్వు పుట్టిస్తుంది. అయితే ఆ నవ్వు ఎవరి నిస్సహాయత మీద నిలిచిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. హాస్యచిత్రం నుంచి సంస్కరణ ప్రసంగాన్ని ఆశించడం ఈ వ్యాస లక్ష్యం కాదు. అది నవ్వించే పద్ధతిలోనే దాని ఆలోచన ఉంటుందన్న నమ్మకంతో ఆ పద్ధతిని పరిశీలించడం లక్ష్యం.

2. సంబంధం మాటల వ్యాకరణం

ముందుగా భాషను గమనించాలి. ‘పెళ్ళిచూపులు’ అన్న సమాసంలో చూసేవారెవరో లేదు. వాక్యంలోకి వచ్చేసరికి కర్త, కర్మ తేలిపోతాయి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ‘పిల్లను చూడవోయిండ్రు’ అంటారు. పోయినవారు కర్తలు, పిల్ల కర్మ. ‘పిలగాణ్ణి చూసుడు’ కూడా వాడుకలో ఉంది గానీ, ఆ పని చేసేది పిల్ల తండ్రి, మేనమామ, ఊరి పెద్దమనిషి. పిల్ల కర్తగా ఉండే వాక్యం అరుదు.

తర్వాతి క్రియలూ ఇంతే. పిల్లను ‘ఇస్తారు’, పిల్లను ‘తెచ్చుకుంటారు’, పిల్లను ‘చేసుకుంటారు’. సంబంధం ‘కుదురుతుంది’, ‘తప్పిపోతుంది’. ఈ చివరి రెండు క్రియలు మరీ ఆసక్తికరం. సంబంధం తనంతట తానే కుదిరినట్టు, తనంతట తానే తప్పిపోయినట్టు చెప్పే ఈ అకర్మక క్రియలు నిర్ణయించిన మనిషిని కనబడనివ్వవు. కట్నం దగ్గర తెగకపోయినా, జాతకం కలవకపోయినా, పిల్ల ఏడ్చి అన్నం మానేసినా చివరికి చెప్పే మాట ఒక్కటే: ‘సంబంధం తప్పింది’.

దక్షిణ తెలంగాణలో లగ్గం మాట మొదలుకొని పూలుపండ్లు, ఎదురుకోళ్ళు, ఒడిబియ్యం దాకా ప్రతి ఘట్టానికీ ఒక పేరుంది, ఒక పాట ఉంది, ఎవరు ఎక్కడ నిలబడాలో ఒక క్రమం ఉంది. ఆ క్రమంలో పిల్ల అభిప్రాయం అడిగే ఘట్టానికి మాత్రం పేరు లేదు. పేరు లేని ఘట్టం జరిగినా జరగకపోయినా ఎవరూ గుర్తించరు. పెళ్ళిచూపుల హాస్యచిత్రం ఈ పేరులేని ఘట్టాన్ని తెరమీదికి తెచ్చే ప్రయత్నమని చెప్పుకోవచ్చు. ఆ ప్రయత్నంలో ఏ చిత్రం ఎంత దూరం వెళ్ళిందన్నదే ఇక్కడి విచారణ.

3. ప్రత్యామ్నాయ వధువు: ఒక తెలుగు సంప్రదాయం

1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లుతో సుబ్బి పెళ్ళి తప్పించే ఉపాయం ఏమిటి? కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, సుబ్బికి బదులుగా అతణ్ణి పెళ్ళికూతురిగా అంటగడతాడు. పసిపిల్ల సుబ్బికి కాదనే శక్తి లేదు. తల్లి వెంకమ్మకు కాదనే హక్కు లేదు. ఆమె చేయగలిగింది నూతిలో దూకడం. ఈ ఇద్దరూ పలకలేని తిరస్కారాన్ని ఒక మగపిల్లవాడు చీర కట్టుకుని అభినయిస్తాడు. మనం నవ్వుతాం. ఆ నవ్వు వెనుక నూతిలో దూకిన తల్లి ఉందన్న సంగతిని గురజాడ మరవనివ్వడు.

అరవై ఏళ్ళ తర్వాత, 1957లో వచ్చిన కె.వి. రెడ్డి ‘మాయాబజార్’లో ఇదే ఉపాయం పౌరాణిక వేషంలో కనిపిస్తుంది. శశిరేఖకు లక్ష్మణకుమారుడు వద్దు. ఆమె మనసు అభిమన్యుడి మీద ఉంది. ఆ మాటకు ఇంట్లో విలువ లేనప్పుడు ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పెళ్ళి పందిట్లో వరుణ్ణి ముప్పుతిప్పలు పెడతాడు. సావిత్రి ఆ ఘట్టంలో చూపిన అభినయ ప్రతిభ తెలుగు ప్రేక్షకుడికి కంఠస్థం. వధువు శరీరంలో ఒక రాక్షసవీరుడు చేరితే తప్ప ఆ శరీరం ‘వద్దు’ అని ప్రవర్తించలేదు. అసలు శశిరేఖ మరోచోట క్షేమంగా ఉంటుంది.

ఈ రెండు రచనల ప్రయోజనాలు వేరు, కాలాలు వేరు. పద్ధతి ఒక్కటే. కన్య తిరస్కారాన్ని కన్య నోట కాకుండా ఆమెకు బదులుగా నిలిచిన వ్యక్తి ద్వారా వ్యక్తం చేయడం. దీన్ని ‘ప్రత్యామ్నాయ వధువు’ పద్ధతి అని పిలుస్తున్నాను. దీనివల్ల రెండు లాభాలున్నాయి. పెళ్ళి తప్పుతుంది, పిల్లకు చెడ్డపేరు రాదు. ఒక నష్టముంది. పిల్ల మాట్లాడవలసిన అవసరం శాశ్వతంగా వాయిదా పడుతుంది.

4. నిద్రపోయిన వధువు: ‘తను వెడ్స్ మను’

ఆనంద్ ఎల్. రాయ్ దర్శకత్వంలో, హిమాంశు శర్మ రచనతో 2011 ఫిబ్రవరిలో విడుదలైన ‘తను వెడ్స్ మను’ హిందీ ప్రణయ హాస్యచిత్రాన్ని మహానగరాల నుంచి కాన్పూరు ఇళ్ళలోకి మళ్ళించిన చిత్రాల్లో ముఖ్యమైనది. లండన్‌లో వైద్యుడిగా పనిచేస్తున్న మనోజ్ శర్మ (ఆర్. మాధవన్) పెళ్ళిచూపులకు కాన్పూరు వస్తాడు. అతడు చూసే సమయానికి తనూజ త్రివేది (కంగనా రనౌత్) ఒళ్ళు తెలియని నిద్రలో ఉంటుంది. అతడు ఆ నిద్రపోతున్న ముఖాన్నే ప్రేమిస్తాడు.

పెళ్ళిచూపుల వ్యవస్థపై ఇంతకంటే పదునైన దృశ్యవ్యాఖ్య అరుదు. చూపు పూర్తిగా ఒకవైపు నుంచే సాగుతుంది. చూడబడుతున్న మనిషికి తనను చూస్తున్నారన్న సంగతే తెలియదు. అయినా సంబంధం కుదిరిపోతుంది. వధువు మెలకువగా ఉండటం ఆ కార్యక్రమానికి అవసరం లేదన్నమాట. తర్వాత రైలు ప్రయాణంలో తను అతనికి అసలు సంగతి చెబుతుంది. తనకు వేరొకరు ఇష్టమనీ, ఈ సంబంధాన్ని అతడే కాదనాలనీ కోరుతుంది. అతడు ఇంట్లోవాళ్ళకు అమ్మాయి నచ్చలేదని చెబుతాడు.

ఇక్కడ చిత్రం ఒక ముఖ్యమైన సత్యాన్ని పట్టుకుంది. కాన్పూరులో అందరినీ ఎదిరించి తిరిగే తను కూడా తన ‘వద్దు’ను వరుడి నోటికి అప్పగించవలసి వచ్చింది. మగవాడు కాదంటే అది సంబంధం తప్పడం. ఆడపిల్ల కాదంటే అది ఇంటి పరువు. మన పద్ధతిలో చెప్పుకుంటే ఇక్కడ ప్రత్యామ్నాయ వధువు వరుడే. అయితే చిత్రం ఈ అప్పును మరో విధంగా వసూలు చేస్తుంది. అడిగినప్పుడు తప్పుకున్న మంచివాడు గనుక మను ఆమెకు అర్హుడవుతాడు. తిరస్కారాన్ని మోసిన ఔదార్యానికి ప్రతిఫలంగా ఆమె అంగీకారం అతనికి దక్కుతుంది. చివరికి తప్పుకోవలసినవాడు ఆమె మొదట ఇష్టపడిన రాజా అవస్థి. ఆమె మనసు మారడాన్ని తప్పుపట్టనవసరం లేదు, మనసులు మారతాయి. కానీ ఆమె తొలి తిరస్కారం కథకు ఒక అడ్డంకిగా మాత్రమే ఉపయోగపడిందని గమనించాలి.

ఈ చిత్రాన్ని తెలుగులో దేవీప్రసాద్ దర్శకత్వంలో సునీల్, ఇషా చావ్లాలతో ‘మిస్టర్ పెళ్ళికొడుకు’ (2013)గా పునర్నిర్మించారు. కథను తెచ్చుకోవడం సులభం. మూలచిత్రానికి ప్రాణమైన కాన్పూరు వాడలను, ఆ ఇళ్ళ మధ్య సాగే మాటల తీరును తెచ్చుకోవడం కష్టం. కాన్పూరుకు తెలుగులో సమానమైన ఊరేది అన్న ప్రశ్న ఆ పునర్నిర్మాణంతో తీరలేదు. దానికి సమాధానం తర్వాతి దశకంలో సొంత కథల నుంచే వచ్చింది.

5. తలుపు మూసుకున్న గది: ‘పెళ్ళిచూపులు’

తరుణ్ భాస్కర్ దాస్యం రచించి, దర్శకత్వం వహించిన ‘పెళ్ళిచూపులు’ 2016 జూలై 29న విడుదలైంది. 64వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. సంభాషణలకు తరుణ్ భాస్కర్ జాతీయ పురస్కారం అందుకున్నాడు. తర్వాత ఇదే కథ ‘మిత్రోఁ’ (2018) పేరుతో హిందీలోకి వెళ్ళింది. హిందీ నుంచి కథ తెచ్చుకున్న తెలుగు సినిమా అదే కోవకు చెందిన కథను హిందీకి ఇచ్చిందన్న మాట.

పొరపాటున వేరే ఇంటికి పెళ్ళిచూపులకు వెళ్ళిన ప్రశాంత్ (విజయ్ దేవరకొండ), ఆ ఇంటి అమ్మాయి చిత్ర (రీతూవర్మ) గదిలో చిక్కుకుపోతారు. తలుపు తెరుచుకోదు. ఇద్దరూ తమ గతాన్ని చెప్పుకుంటారు. ఈ చిత్రణలోని తెలివి స్పష్టం. పెళ్ళిచూపుల్లో అబ్బాయి, అమ్మాయి ‘కాసేపు మాట్లాడుకోవడం’ ఇటీవలి కాలపు సడలింపు. ఆ కాసేపు ఎంతసేపు? బయట పెద్దలు కాఫీ తాగేంత సేపు. తలుపు బిగుసుకుపోవడం వల్ల ఆ కాసేపు ఒక పూర్తి సంభాషణ అయింది. వ్యవస్థ ఇవ్వని సమయాన్ని ఒక పాడైన తలుపు ఇచ్చింది.

మనం చర్చిస్తున్న పద్ధతి ఇక్కడా ఉంది. చిత్ర తనకు పెళ్ళి మీద ఆసక్తి లేదని, విదేశానికి వెళ్ళాలని నేరుగా చెప్పగలిగింది. ఈ మూడు చిత్రాల్లో తొలి కలయికలోనే తన మాట తాను చెప్పుకున్న వధువు ఆమె ఒక్కతే. ఆ స్వేచ్ఛ ఎలా సాధ్యపడింది? అతడు అసలు చూడవలసిన అమ్మాయి ఆమె కాదు. తప్పు చిరునామా కారణంగా ఆమె మరొక అమ్మాయి స్థానంలో నిలబడింది. తాను ప్రత్యామ్నాయ వధువు గనుక ఆమె మాట్లాడగలిగింది. అసలైన పెళ్ళిచూపులు జరిగి ఉంటే ఇంత మాట్లాడేదా అన్న ప్రశ్నకు చిత్రం జవాబు చెప్పదు. వ్యవస్థ పొరబడిన చోట మాత్రమే సంభాషణ సాధ్యమని అది చూపింది. ఆ చూపడంలో నిజాయితీ ఉంది.

6. సూర్యాపేట వరుడు: ‘అశోకవనంలో అర్జున కళ్యాణం’

6.1 ప్రాంతం, వృత్తి, యాస

విద్యాసాగర్ చింతా దర్శకత్వంలో, రవికిరణ్ కోలా రచనతో 2022 మే 6న విడుదలైన ఈ చిత్రంలో అల్లం అర్జున్ కుమార్ (విశ్వక్‌సేన్) సూర్యాపేటలో వడ్డీ వ్యాపారం చేసుకునే, ముప్పై దాటినా పెళ్ళి కాని యువకుడు. సొంత కులంలో పిల్ల దొరకదు. గోదావరి ప్రాంతపు మరో కులానికి చెందిన మాధవి (రుక్సార్ ధిల్లాన్)తో సంబంధం కుదురుతుంది. నిశ్చయం కోసం బంధువర్గమంతా అక్కడికి వెళ్ళిన సమయంలో 2020 మార్చి లాక్‌డౌన్ వచ్చి, వరుడి కుటుంబం వధువు ఇంట్లోనే ఉండిపోవలసి వస్తుంది.

సూర్యాపేట ఎంపిక యాదృచ్ఛికమనిపించదు. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో భాగమైన ఈ పట్టణం హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై ఉంది. అదే దారిలో కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్. వ్యాపారం, చదువు, వైద్యం అన్నింటికీ రెండు వైపులా రాకపోకలున్న సరిహద్దు ప్రాంతం. రాష్ట్రం విడిపోయిన ఎనిమిదేళ్ళకు తెలంగాణ వరుణ్ణి గోదావరి వధువు ఇంట్లో బంధించి, రెండు యాసలను ఒకే పందిరి కింద కూర్చోబెట్టాలనుకున్న కథకుడికి ఇంతకంటే నమ్మదగిన ఊరు దొరకదు.

వృత్తి ఎంపిక కూడా అర్థవంతమే. ఫైనాన్సు నడిపేవాడు ఊళ్ళో అందరి అవసరమూ తెలిసినవాడు, ఎదుటివాడి ముఖం చూసి బాకీ అంచనా వేయగలవాడు. అలాంటివాడు పెళ్ళి విషయంలో మాత్రం బంధువులందరికీ బాకీపడినట్టు తల దించుకు తిరుగుతాడు. ప్రతి శుభకార్యంలోనూ అతణ్ణి నిలదీసేవారుంటారు. పెళ్ళి కాని మగవాడి అవమానాన్ని ఇంత సానుభూతితో చూపిన తెలుగు చిత్రాలు తక్కువ. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో సొంత వ్యాపారం, పొలం ఉండి కూడా ‘పిల్ల దొరకని’ యువకుల గురించిన మాటలు విన్న పాఠకుడికి ఈ పాత్ర తెలిసిన మనిషిలా కనిపిస్తుంది.

ఒకప్పుడు ప్రతినాయకుడికీ, హాస్యగాడికీ పరిమితమైన తెలంగాణ మాట ఇక్కడ కథానాయకుడి బాధను మోసింది. ఇది చిన్న మార్పు కాదు. కానీ ఈ మార్పు పక్కనే మరొక అసమానత కొనసాగింది. యాసకు నోరొచ్చింది, వధువుకు రాలేదు.

6.2 శీర్షికలో దాగిన రెండు ఇతిహాసాలు

ఈ చిత్ర శీర్షిక తెలుగు విద్యార్థి ఆగి ఆలోచించదగినది. అశోకవనం రామాయణానిది, అర్జునుడు భారతానివాడు. అర్జునుడు వధువు ఇంట బస చేసిన కథ మనకుంది. సుభద్రను బలరాముడు దుర్యోధనుడికి ఇవ్వాలనుకున్నాడని తెలిసి, అర్జునుడు త్రిదండి సన్న్యాసి వేషంలో ద్వారకలో వర్షాకాలపు నెలలు గడిపాడని భాగవత దశమస్కంధం చెబుతుంది. చేమకూర వెంకటకవి ‘విజయవిలాసం’లో కపటయతికి సుభద్ర సేవలు చేసే ఘట్టాన్ని శృంగార హాస్యాల మేళవింపుతో పెంచాడు. వానాకాలం యతులు ప్రయాణం చేయకూడదన్న నియమం ఆ కథలో చేసిన పనిని ఈ చిత్రంలో లాక్‌డౌన్ చేసింది. ఇంటివారు అతిథిని పొమ్మనలేరు, అతిథి పోనూలేడు. సంప్రదాయ కథాసూత్రాన్ని సమకాలిక కారణంతో పునరుద్ధరించిన ఈ నేర్పును గుర్తించాలి.

అశోకవనం సంగతి వేరు. అక్కడ బందీ అయినది స్త్రీ. తన ముందు గడ్డిపరకను అడ్డుపెట్టి, సమస్త సంపదలున్న లంకాధిపతిని కాదన్న సీత మన సాహిత్యంలో తిరస్కారానికి పరమోదాహరణ. ఎంత సంపన్నుడైనా, ఎన్నిసార్లు అడిగినా ఇష్టం లేని చోట ‘వద్దు’ అనడానికి ఒక గడ్డిపరక చాలునని ఆమె నిరూపించింది. చిత్రం ఈ అశోకవనంలో అర్జునుణ్ణి కూర్చోబెట్టి, బందీ అయిన బాధను అతనికి బదిలీ చేసింది. చమత్కారం బాగుంది. కానీ ఆ వనంలో మొదట చిక్కుకున్నది తన ఇంట్లోనే ఉన్న మాధవి అన్న సంగతి శీర్షికలోంచి జారిపోయింది.

6.3 మాధవి మౌనం

మాధవి అర్జున్‌తో మాట్లాడదు. ఆ మౌనాన్ని ఇంటివారు సిగ్గు అనుకుంటారు, అర్జున్ బిడియం అనుకుంటాడు, చాలాసేపటి దాకా ప్రేక్షకుడూ అలాగే అనుకునేట్టు చిత్రణ సాగుతుంది. ఆమె ఇంటినుంచి వెళ్ళిపోయిన తర్వాతే అది తిరస్కారమని అందరికీ తెలుస్తుంది. ‘మౌనం అర్ధాంగీకారం’ అన్న సామెతను చిత్రం కథగా మార్చి, దాన్ని తలకిందులు చేసింది. ఇది ఈ చిత్రం సాధించిన గొప్ప విషయం.

అయితే ఆమె వెళ్ళిపోయాక కెమెరా ఎవరి ముఖం మీద నిలిచింది? అర్జున్ ముఖం మీద. మళ్ళీ పెళ్ళి తప్పిన మగవాడి పరాభవమే చిత్రానికి భావకేంద్రం. మాధవి ఏ భయంతో అన్నాళ్ళు మాట్లాడలేకపోయింది, ఎవరితో చెప్పుకోవాలని ప్రయత్నించింది అన్న ప్రశ్నలకు అంత చోటు దక్కలేదు. ఆ ఖాళీని ఆమె చెల్లెలు వసుధ (రితికా నాయక్) నింపుతుంది. చురుకైనది, మాటకారి. అర్జున్ మనసు క్రమంగా ఆమె వైపు మళ్ళుతుంది. ప్రత్యామ్నాయ వధువు పద్ధతి ఇక్కడ కొత్త రూపం ధరించింది. గురజాడ దగ్గర శిష్యుడు, కె.వి. రెడ్డి దగ్గర ఘటోత్కచుడు పెళ్ళిని చెడగొట్టడానికి వధువు స్థానంలో నిలిచారు. వసుధ ఆ స్థానంలో నిలిచి కళ్యాణాన్ని కాపాడింది. మాట్లాడని వధువు తప్పుకుంటే మాట్లాడే వధువు దొరికింది. దీనివల్ల అక్క మౌనానికి కారణమైన ఇల్లు తనను తాను ప్రశ్నించుకోవలసిన అవసరం తగ్గిపోయింది.

6.4 కులం దాటడం: ఎవరి నిర్ణయం?

ఈ చిత్రంలో ఆలోచింపజేసే అంశం మరొకటుంది. వరుడి బంధువులు కులం కాని సంబంధం అని గొణుగుతారు, సర్దుకుంటారు, నవ్విస్తారు. పిల్ల దొరకని పరిస్థితి వారిని కులం దాటించింది. అంటే పెద్దలు తమ అవసరం కోసం దాటినప్పుడు కులాంతర వివాహం హాస్యవస్తువు అవుతుంది. ఆడపిల్ల తన ఇష్టం కోసం గడప దాటినప్పుడు మాత్రం అది ఉపద్రవం. నేరం కులం దాటడంలో లేదు. ఆ నిర్ణయాన్ని ఎవరు తీసుకున్నారన్న దాంట్లో ఉంది. చిత్రం ఈ రెండింటినీ ఒకే ఇంట్లో పక్కపక్కన పెట్టింది. ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా అది దాని సామాజిక విలువ.

ఉమ్మడి నల్లగొండ జిల్లా పాఠకుడు ఈ చోట నవ్వి ఊరుకోలేడు. సూర్యాపేటకు దూరం కాని మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న, ఇష్టపడి పెళ్ళి చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే చంపించారు. చంపించినది ఆమె తండ్రి అని పోలీసులు అభియోగం మోపారు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. అదే ఉమ్మడి జిల్లా వరుడి కథలో నాలుగేళ్ళకు కులాంతర సంబంధం హాస్యంగా తెరకెక్కింది. రెండింటికీ సంబంధం కట్టడం అన్యాయమని కొందరు అనవచ్చు. హాస్యచిత్రం రక్తపాతాన్ని చూపనవసరం లేదన్నది నిజమే. కానీ ఆ హాస్యంలో సర్దుబాటు సులభమవడానికి కారణాలు చిత్రంలోనే ఉన్నాయి: ఇద్దరూ ఆస్తిపాస్తులున్న కుటుంబాలవారు, నిర్ణయం పెద్దలది, దాటిన మెట్టు పొడవైనది కాదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఇదే కథ హాస్యంగా నిలిచేదా అన్నది తెలంగాణ విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

7. పరిశీలన

మూడు చిత్రాలను పక్కపక్కన పెడితే ఒక క్రమం కనిపిస్తుంది. తను నిద్రపోయింది, చిత్ర పొరపాటున దొరికిన గదిలో మాట్లాడింది, మాధవి మౌనంగా ఉండి వెళ్ళిపోయింది. నిద్ర, పొరపాటు, పలాయనం – తిరస్కారానికి ఈ చిత్రాలు ఇచ్చిన మార్గాలివి. పెళ్ళిచూపుల గదిలో, పెద్దల ఎదుట, మెలకువగా కూర్చొని ‘నాకు ఇష్టం లేదు’ అని చెప్పి, ఆ తర్వాత మామూలుగా అదే ఇంట్లో జీవించగలిగిన వధువు ఈ మూడింటిలోనూ లేదు.

వరుల వైపు చూసినా ఈ ప్రక్రియ పరిధి అర్థమవుతుంది. లండన్ వైద్యుడు, ఇంజనీరింగ్ చదివిన నగర యువకుడు, పట్టణ వడ్డీ వ్యాపారి. పాలమూరు నుంచి పనికోసం వలస పోయే కుటుంబాల్లో, ఊరికి వచ్చిన నాలుగు రోజుల్లోనే సంబంధం తేలిపోవలసిన ఇళ్ళలో పెళ్ళిచూపులు ఎలా జరుగుతాయో ఈ హాస్యం ఇంకా చూడలేదు. పొంతన కుదరకపోవడాన్ని స్వభావాల తేడాగా చూపడం సులభం. తీరికలో, భూమిలో, చదువులో ఉన్న తేడాగా చూపడానికి మరో రకమైన హాస్యం కావాలి. సూర్యాపేట దాకా వచ్చిన చిత్రం నాగర్‌కర్నూలు దాకా, నారాయణపేట దాకా వెళ్ళవలసి ఉంది.

8. ముగింపు

1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో, పాలమూరుకు చెందిన బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన రెండవ ఆంధ్రమహాసభ జరిగినప్పుడు దానితోపాటు మహిళాసభ కూడా జరిగింది. స్త్రీల సమస్యలను స్త్రీలే వేదికెక్కి మాట్లాడాలన్న అవగాహన తొంభై ఏళ్ళ కిందటే ఈ నేల మీద ఉంది. సభలో దొరికిన ఆ వేదిక ఇంట్లో, పెళ్ళిచూపుల చాప మీద ఇంకా దొరకలేదు.

ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలల్లో పాఠం చెప్పేవారికి ఒక దృశ్యం పరిచయమే. మూడవ సంవత్సరంలో ఒక విద్యార్థిని పేరు ఎదుట హాజరు పట్టికలో వరుసగా గైర్హాజరు గుర్తులు పడటం మొదలవుతుంది. స్నేహితురాళ్ళను అడిగితే ‘పూలుపండ్లయినయి సార్’ అని చెబుతారు. ఆమె ఒప్పుకున్నదా అని మనం అడగం. అడిగినా ‘ఏమనలేదు సార్’ అన్న జవాబే వస్తుంది. ఏమీ అనకపోవడాన్ని ఎలా చదవాలో మాధవి పాత్ర మనకు కొంత నేర్పింది. చలనచిత్ర పాఠాన్ని తరగతి గదిలోకి తెచ్చే అధ్యాపకుడికి ఈ చిత్రం ఉపయోగపడేది ఇక్కడే.

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు:

1. తెలుగులో సంబంధం మాటల పదజాలం అంగీకారానికి అనేక సంకేతాలనిచ్చి, తిరస్కారానికి సంకేతం ఇవ్వలేదు. పెళ్ళిచూపుల హాస్యచిత్రం ఈ లోటునుంచే పుడుతుంది.

2. ‘కన్యాశుల్కం’, ‘మాయాబజార్’లలో కనిపించే ప్రత్యామ్నాయ వధువు పద్ధతి నేటి చిత్రాల్లో వరుడిగా, తప్పు చిరునామాగా, చెల్లెలిగా రూపం మార్చుకుని కొనసాగుతున్నది.

3. ‘అశోకవనంలో అర్జున కళ్యాణం’ దక్షిణ తెలంగాణ యువకుడి యాసకు, వృత్తికి, అవమానానికి గౌరవం తెచ్చింది. మౌనం అంగీకారం కాదని కథగా నిరూపించింది. ఆ మౌనం వెనుక ఉన్న స్త్రీ కథను మాత్రం పూర్తిగా వినలేదు.

4. కులాంతర సంబంధం హాస్యంగా సాగడానికి పెద్దల సమ్మతి, ఆర్థిక సమానత ఆధారాలయ్యాయి. ఆ ఆధారాలు లేని చోట జరిగేదేమిటో ఈ ప్రాంత సమీప చరిత్ర చెబుతున్నది.

పొంతన లేని జంట చివరికి కలుస్తుందా లేదా అన్నది హాస్యచిత్రం మనచేత అడిగించే ప్రశ్న. కలవకూడదనుకున్న పిల్ల ఆ మాట చెప్పి, మరునాడు పుస్తకాల సంచీతో కాలేజీకి రాగలదా అన్నది అది ఇంకా అడగవలసిన ప్రశ్న. ఆ రెండవ ప్రశ్నతో నవ్వించగల చిత్రం వచ్చిన రోజున, పెళ్ళి మాటల్లో పేరు లేని ఆ ఘట్టానికి ఒక పేరు దొరుకుతుంది.